బ్రౌజర్ సాఫ్ట్‌ఫోన్‌కి హెడ్‌సెట్, మైక్ సరిగ్గా సెట్ చేసుకోవడం ఎలా?

కాల్ కలుస్తుంది. స్క్రీన్ మీద టైమర్ నడుస్తూ ఉంటుంది. అవతల కస్టమర్ హలో, హలో అంటూనే ఉంటారు. ఇక్కడ మీరు గొంతు చించుకున్నా వాళ్లకు ఒక్క ముక్క వినపడదు. ఇంకోసారి మీ మాట వెళ్తుంది గానీ, వాళ్ల మాట హెడ్‌సెట్‌లో రాకుండా ల్యాప్‌టాప్ స్పీకర్లో మోగి ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌ఫోన్, అంటే ఫోన్ బదులు కంప్యూటర్లోంచే కాల్స్ మాట్లాడే ప్రోగ్రాం మీద పనిచేసేవాళ్లకు ఇవేమీ కొత్త కాదు. ఇలా జరగ్గానే చాలామంది వైరు పీకి మళ్లీ పెడతారు, పేజీ రిఫ్రెష్ కొడతారు, సిస్టమ్ రీస్టార్ట్ చేస్తారు, అన్నీ ఒకేసారి. ఒక్కోసారి బాగవుతుంది కూడా. కానీ దేనివల్ల బాగయిందో తెలియదు, కాబట్టి రేపు మళ్లీ అదే తంతు.

మీ మాట నోటి నుంచి బయల్దేరి నెట్‌లోకి వెళ్లేలోపు నాలుగు చోట్ల దాటుకుని వెళ్లాలి. ముందు హెడ్‌సెట్, దాని కనెక్షన్. తర్వాత విండోస్ లేదా మ్యాక్. ఆ తర్వాత బ్రౌజర్. చివర సాఫ్ట్‌ఫోన్ పేజీ. ఏ మైకు వాడాలి, మ్యూట్‌లో ఉందా, పర్మిషన్ ఉందా అనేది ఎవరి దగ్గర వాళ్లకు వేరే లెక్క. కుళాయిలో నీళ్లు రాకపోతే ముందు సంపులో ఉన్నాయో లేదో చూసినట్టు, ఇక్కడా కింది నుంచి పైకే రావాలి. కింది మెట్టు బాగుందని తేలేదాకా పై మెట్టు ముట్టుకోకండి. ఈ వ్యాసమంతా ఆ వరుసలోనే ఉంటుంది.

ఇదంతా వెబ్‌ఆర్‌టీసీ అనే టెక్నాలజీ మీద నడుస్తుంది. గూగుల్ 2011లో దాన్ని అందరికీ తెరిచింది, 2021 జనవరిలో అది వెబ్ ప్రమాణంగా ఖరారైంది. విడిగా ఏ సాఫ్ట్‌వేరూ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్ ట్యాబ్‌లోంచే ఫోన్ మాట్లాడగలగడం దాని పుణ్యమే. హైదరాబాద్ ఓజోన్‌టెల్ అయినా, బెంగళూరు ఎక్సోటెల్ అయినా, అమెరికా ట్విలియో అయినా బ్రౌజర్లో కాలింగ్ ఇస్తున్నారంటే దాని అడుగున ఉన్నది ఇదే. 2020 నవంబరులో టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించాక ఇంటి నుంచి పనిచేయించడానికి ఉన్న చిక్కులు చాలావరకు పోయాయి. చిక్కంతా ఇప్పుడు మన టేబుల్ మీదికి వచ్చింది. ఆఫీసులో అయితే ఐటీ అబ్బాయి వచ్చి చూసేవాడు, ఇంట్లో మనమే ఐటీ.

ముందు హెడ్‌సెట్ సంగతి

ఒక్క మాటలో చెప్పమంటే, వైరున్న యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనండి. బూమ్ మైక్ ఉన్నది, అంటే నోటి దగ్గరికి కడ్డీలా వచ్చేది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో సౌండ్‌కార్డు దాని లోపలే ఉంటుంది. ల్యాప్‌టాప్ సౌండ్ డ్రైవర్ ఎలా ఉన్నా దానికి సంబంధం లేదు. సెట్టింగ్స్‌లో సొంత పేరుతో కనిపిస్తుంది కాబట్టి ఏది ఏదో వెతుక్కునే పని ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు మాట్లాడేవాళ్లు ఇంకో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పటికే 3.5 ఎంఎం పిన్ ఉన్న హెడ్‌సెట్ ఉంటే, దాని పిన్నును ఒకసారి వెలుతురులో పట్టుకుని చూడండి. పిన్ను మీద నల్లటి గీతలు ఉంటాయి. మూడు గీతలుంటే అందులో మైక్ లైను కూడా ఉన్నట్టు. రెండే గీతలుంటే అది వినడానికే, లేదా మైక్‌కి వేరే పిన్ను ఉండాలి. ల్యాప్‌టాప్‌లో ఒకే రంధ్రం ఉంటే మూడు గీతల పిన్ను నేరుగా పెట్టేయొచ్చు. డెస్క్‌టాప్ వెనక పచ్చది, గులాబీది అని రెండు రంధ్రాలుంటాయి. పచ్చది స్పీకర్, గులాబీది మైక్. అక్కడ మూడు గీతల పిన్నును పచ్చదాంట్లో పెడితే వినిపిస్తుంది గానీ మైక్ పనిచేయదు. దాన్ని రెండుగా చీల్చే స్ప్లిటర్ కేబుల్ ఒకటి కావాలి. కొనేటప్పుడు 'మైక్, ఆడియో విడదీసేది' అని గట్టిగా అడగండి. రెండు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే స్ప్లిటర్ కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, అది పనికిరాదు.

ల్యాప్‌టాప్‌లో పిన్ను పెట్టగానే కొన్ని మోడళ్లలో 'మీరు ఏం పెట్టారు?' అని చిన్న పెట్టె వస్తుంది. హెడ్‌ఫోన్, హెడ్‌సెట్ అని రెండూ కనిపిస్తాయి. తొందరలో హెడ్‌ఫోన్ నొక్కితే హెడ్‌సెట్ మైకు పక్కకు పోయి ల్యాప్‌టాప్ మూతలో ఉన్న మైకే నడుస్తుంది. మీ మాట వెళ్తూనే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. కస్టమర్‌కి మాత్రం గదిలో ఫ్యాను, వీధిలో హారను, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ కలిపి వినిపిస్తాయి. 'మేడమ్, మీరు బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది' అని ఎవరైనా అన్నారంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

3.5 ఎంఎం హెడ్‌సెట్‌లో సన్నగా 'గుం' అనే శబ్దం ఆగకుండా వస్తుంటే చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం ఆగిపోతే తప్పు హెడ్‌సెట్‌ది కాదు, బహుశా ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా లేదు. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా ఎర్త్ వైరు ఉత్తుత్తిగా వదిలేసినవి బోలెడు. ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, ఈలోపు యూఎస్‌బీ హెడ్‌సెట్‌కి మారితే చాలావరకు తగ్గుతుంది.

బ్లూటూత్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి

పాటలకు బ్రహ్మాండంగా ఉన్న ఇయర్‌బడ్స్ కాల్‌లో పెట్టగానే పాత రేడియోలా ఎందుకు మోగుతాయి? వస్తువులో లోపం కాదు. మామూలు బ్లూటూత్‌కి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పాటల కోసం. నాణ్యత బాగుంటుంది, కానీ మాట ఒకవైపే, మైక్ ఉండదు. రెండోది కాల్స్ కోసం. అందులో మైక్ ఉంటుంది, కానీ ధ్వని బాగా కుదించుకుపోతుంది. పాత తరహాలో సెకనుకు 8 వేల శాంపిళ్లు (అంటే ధ్వనిని సెకనుకు అన్నిసార్లు కొలవడం), కాస్త కొత్తవాటిలో 16 వేలు. పాటలకు వాడేది 44 వేల పైమాటే. బ్రౌజర్ మైకును తెరిచిన మరుక్షణం ఇయర్‌బడ్స్ మొదటి పద్ధతి వదిలి రెండోదానికి దిగిపోతాయి. అందుకే కాల్ మొదలవగానే ఆ మార్పు.

విండోస్ 10లో ఇది ఇంకో తలనొప్పి తెస్తుంది. ఒకే బ్లూటూత్ హెడ్‌సెట్ జాబితాలో రెండు పేర్లతో కనిపిస్తుంది: ఒకటి స్టీరియో, ఒకటి హ్యాండ్స్‌ఫ్రీ. మైక్‌గా హ్యాండ్స్‌ఫ్రీని, స్పీకర్‌గా స్టీరియోను ఎంచుకున్నారనుకోండి. కాల్ మొదలవగానే చెవిలో నిశ్శబ్దం. రెండు చోట్లా హ్యాండ్స్‌ఫ్రీనే పెట్టాలి. విండోస్ 11లో రెండింటినీ ఒకే పేరు కింద చూపిస్తారు కాబట్టి ఈ గొడవ తగ్గింది.

తప్పదు, వైర్‌లెస్సే కావాలంటే కంప్యూటర్లో ఉన్న బ్లూటూత్‌కి జతచేసే ఇయర్‌బడ్స్ కన్నా, సొంత యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే ఆఫీసు హెడ్‌సెట్ మేలు. ఆ డాంగిల్ కంప్యూటర్‌కి మామూలు యూఎస్‌బీ సౌండ్‌కార్డులా కనిపిస్తుంది, కనెక్షన్ సంగతి అదే చూసుకుంటుంది. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఇంట్లో వైఫై కూడా అదే బ్యాండు మీద ఉంటే మాటలు తెగుతాయి. రూటర్లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే ల్యాప్‌టాప్‌ని దానికి మార్చండి.

కొనేముందు ఇంకొక్కటి. పెట్టె మీద ఏఎన్‌సీ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది మీ చెవికి బయటి గోల వినపడకుండా చేసేది, కస్టమర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మీ చుట్టూ ఉన్న గోల అవతలివాళ్లకు వెళ్లకుండా ఆపేది మైకు దగ్గరి నాయిస్ క్యాన్సలింగ్, దాన్ని ఈఎన్‌సీ అని రాస్తారు. కాల్స్ చేసేవాళ్లు చూడాల్సింది రెండోది.

విండోస్‌లో చూడాల్సినవి

హెడ్‌సెట్ పెట్టారు. బ్రౌజర్ ఇంకా తెరవకండి, తెరిచి ఉంటే మూసేయండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్‌కి వెళ్లండి. అవుట్‌పుట్ దగ్గర హెడ్‌సెట్ పేరు, ఇన్‌పుట్ దగ్గర కూడా అదే పేరు ఎంచుకోండి. ఇన్‌పుట్‌లో ఆ పేరు మీద నొక్కితే మైక్ టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కి, కస్టమర్‌తో మాట్లాడే గొంతుతోనే ఓ పది సెకన్లు మాట్లాడండి. గీత కదలాలి. కదలకపోతే హెడ్‌సెట్ వైరు మీద ఉండే చిన్న మ్యూట్ బటన్ చూడండి. బూమ్ పైకి లేపితే దానంతటదే మ్యూట్ అయ్యే మోడళ్లు కూడా ఉన్నాయి, కడ్డీ కిందికి దించి మళ్లీ చూడండి.

ఆ గీతను చూస్తూ గోటితో మైక్‌ని మెల్లగా తట్టడం మంచి పరీక్ష. తట్టినప్పుడు గీత ఎగిరిపడితే సరైన మైకే ఎంచుకున్నట్టు. మాటకు కదులుతూ, తట్టినప్పుడు పెద్దగా స్పందించకపోతే మీరు మాట్లాడుతున్నది ల్యాప్‌టాప్ మైక్‌లోకి.

తర్వాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్. ఇక్కడ మూడు స్విచ్‌లుంటాయి: మొత్తం మైక్ వాడకానికి ఒకటి, యాప్‌లకు ఒకటి, కింద ఎక్కడో డెస్క్‌టాప్ యాప్‌లకు ఇంకొకటి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఈ మూడోదాని కిందికి వస్తాయి. పైరెండూ ఆన్ చేసి, కిందికి స్క్రోల్ చేయకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ స్విచ్‌లు బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోవచ్చు. అంటే కంపెనీ పాలసీతో లాక్ చేశారన్నమాట, మీ చేతిలో పని కాదు, ఐటీ వాళ్లకు చెప్పాల్సిందే.

ఇక పాత సౌండ్ ప్యానెల్. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి ఎంఎంఎస్‌వైఎస్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెరుచుకుంటుంది. ఇది పాతదే అయినా పనికొచ్చేవన్నీ ఇందులోనే ఉన్నాయి. రికార్డింగ్ ట్యాబ్‌లో హెడ్‌సెట్ మైక్ మీద రైట్ క్లిక్ చేస్తే 'డిఫాల్ట్ డివైస్', 'డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్' అని రెండు కనిపిస్తాయి. విండోస్ వీటిని వేర్వేరుగా లెక్కేస్తుంది. కాల్స్ కోసమే పుట్టిన యాప్‌లు కొన్ని రెండోదాన్ని చూస్తాయి. రెండూ హెడ్‌సెట్‌కే పెట్టేయండి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో కూడా.

అదే ప్యానెల్లో కమ్యూనికేషన్స్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది. కాల్ వచ్చిందని విండోస్ గమనించినప్పుడు మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని అక్కడ పెట్టి ఉంటే, కాల్ మధ్యలో ఉన్నట్టుండి వేరే సౌండ్లన్నీ పడిపోతాయి. 'డూ నథింగ్' ఎంచుకోండి. మైక్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఒక యాప్ మైక్‌ని పూర్తిగా తన గుప్పిట్లోకి తీసుకునే అనుమతి ఉంటుంది, ఆ టిక్ తీసేస్తే ఇంకో యాప్ మైక్ పట్టుకుని కూర్చోవడం తప్పుతుంది. 'లిజన్ టు దిస్ డివైస్' అనే టిక్ మాత్రం పెట్టకండి. మీ మాట మీకే కాస్త ఆలస్యంగా వినిపించి నోరు తడబడుతుంది.

యూఎస్‌బీ హెడ్‌సెట్ ఉన్నట్టుండి మాయమై, పీకి పెడితే మళ్లీ వస్తుంటే పవర్ సేవింగ్ చూడండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ కింద కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అనే టిక్ తీసేయండి. కరెంటు అందని చవక హబ్బులో పెట్టి ఉంటే, ముందు దాన్ని పీకి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి.

మ్యాక్ వాళ్లకు పని తక్కువ. సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్ దగ్గర హెడ్‌సెట్ ఎంచుకుని, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మైక్రోఫోన్ కింద మీ బ్రౌజర్ పేరు పక్కన స్విచ్ ఆన్ చేయండి. ఆ తర్వాత బ్రౌజర్ పూర్తిగా మూసి తెరవాలి, కిటికీ మూస్తే సరిపోదు. ఉబుంటు లాంటివి వాడేవాళ్లు పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ వేసుకుంటే ఏ యాప్ ఏ మైక్ వాడుతోందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు విండోస్ సౌండ్ రికార్డర్‌లో పదిహేను సెకన్లు రికార్డ్ చేసి, హెడ్‌సెట్‌లోనే విని చూడండి. స్పష్టంగా ఉంటే కింది రెండు మెట్లూ పూర్తయ్యాయి. ఇక మీద ఏ సమస్య వచ్చినా హెడ్‌సెట్‌ని తిట్టుకోనక్కర్లేదు.

బ్రౌజర్

క్రోమ్ లేదా ఎడ్జ్ వాడండి. ఫైర్‌ఫాక్స్ చెడ్డదని కాదు, సాఫ్ట్‌ఫోన్ కంపెనీలు ముందు పరీక్షించేది సాధారణంగా క్రోమ్ మీద.

సాఫ్ట్‌ఫోన్ పేజీ మొదటిసారి తెరవగానే మైక్ వాడుకోవచ్చా అని బ్రౌజర్ అడుగుతుంది. 'ఈ ఒక్కసారికి' అనే బటన్ నొక్కితే రేపు మళ్లీ అడుగుతుంది, మీరు గమనించేలోపు కాల్ పోతుంది. సైట్‌లో ఉన్నప్పుడల్లా అనుమతించేదే నొక్కండి. ఆ పెట్టెను పదేపదే మూసేస్తూ పోతే క్రోమ్ కొంతకాలం అడగడమే మానేస్తుంది. అప్పుడు అడ్రస్‌కి ఎడమవైపున్న గుర్తు నొక్కాలి. ఇదివరకు అక్కడ తాళం బొమ్మ ఉండేది, 2023 నుంచి రెండు చిన్న మీటల బొమ్మ ఉంటోంది. అందులో మైక్రోఫోన్ ఆన్ చేసి, పేజీ రిఫ్రెష్ చేయండి. స్పీకర్లో చప్పుడు రాకపోతే అక్కడే సైట్ సెట్టింగ్స్‌లో సౌండ్ కూడా చూసుకోండి. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడో సైట్‌ని మ్యూట్ చేసి మరిచిపోయి ఉండొచ్చు.

అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవ్వాలి. లేకపోతే 2015 చివరి నుంచి క్రోమ్ మైకే ఇవ్వడం లేదు. కంపెనీ లోపల ఐపీ నంబరుతో నడిచే సాఫ్ట్‌ఫోన్‌లలో ఈ చిక్కు వస్తుంది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ పేజీలో పైన ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. విండోస్‌లో మీరు ఏది ఎంచుకున్నా, సైట్ ప్రత్యేకంగా ఏదీ అడగనప్పుడు క్రోమ్ ఇచ్చేది ఇక్కడున్న మైక్‌నే. పాత వెబ్‌క్యామ్ పేరు ఇక్కడ మిగిలిపోయి, ఆ వెబ్‌క్యామ్‌లోంచి మాట వెళ్తూండటం చాలా మామూలు విషయం. హెడ్‌సెట్ పేరునే ఎంచుకోండి.

రింగ్ వినపడక కాల్స్ మిస్ అవుతున్నాయా? 2018 నుంచి క్రోమ్ సాధారణంగా మీరు పేజీలో ఒక్కసారైనా క్లిక్ చేయందే శబ్దం చేయనివ్వడం లేదు. ఉదయం ట్యాబ్ దానంతటదే తెరుచుకుని, మీరు ఇంకో ట్యాబ్‌లో పని మొదలుపెడితే మొదటి కాల్ మూగగా వచ్చిపోతుంది. లాగిన్ అయ్యాక పేజీలో ఎక్కడో ఒకచోట క్లిక్ చేయడం అలవాటు చేసుకోండి. అలాగే క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంటుంది. అది చాలాసేపు చూడని ట్యాబులను నిద్రపుచ్చుతుంది, నిద్రపోయిన ట్యాబుకి కాల్ రాదు. 'ఎప్పుడూ మెలకువగా ఉంచాల్సిన సైట్ల' జాబితాలో సాఫ్ట్‌ఫోన్ అడ్రస్ చేర్చండి. సాఫ్ట్‌ఫోన్‌ని రెండు ట్యాబుల్లో మాత్రం తెరవకండి. రింగు ఒక చోట, కాల్ ఇంకో చోట అవుతుంది.

సాఫ్ట్‌ఫోన్ పేజీ లోపల

ప్రతి సాఫ్ట్‌ఫోన్‌లోనూ గేర్ బొమ్మ వెనకో, ప్రొఫైల్ వెనకో ఆడియో సెట్టింగ్స్ ఉంటాయి. మైక్, స్పీకర్, రింగర్ అని మూడు. జాబితాలో 'డిఫాల్ట్', 'కమ్యూనికేషన్స్' అనే పేర్లతో కూడా హెడ్‌సెట్ కనిపిస్తుంది, విడిగా సొంత పేరుతోనూ కనిపిస్తుంది. సొంత పేరున్నదే ఎంచుకోండి. డిఫాల్ట్ ఎంచుకుంటే, మధ్యలో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టినా, ఫోన్ బ్లూటూత్ కలిసినా డిఫాల్ట్ మారిపోయి దానితో పాటు మీ కాల్ కూడా వెళ్లిపోతుంది.

రింగర్‌ని మాత్రం ల్యాప్‌టాప్ స్పీకర్‌కి పెట్టండి. హెడ్‌సెట్ తీసి టీ తెచ్చుకోవడానికి లేచినా కాల్ వచ్చింది తెలుస్తుంది. స్పీకర్‌ని ఇలా విడదీసే సౌకర్యం క్రోమ్‌లో ఎప్పటినుంచో ఉంది, ఫైర్‌ఫాక్స్‌కి 2023లో వచ్చింది.

మ్యూట్ బటన్లు ఇప్పుడు కనీసం రెండు: హెడ్‌సెట్ మీదొకటి, స్క్రీన్ మీదొకటి. కొన్ని హెడ్‌సెట్లలో రెండింటికీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. హెడ్‌సెట్ మీద మ్యూట్ చేసి, స్క్రీన్ మీద మైక్ ఆన్‌లో ఉందని చూసి మాట్లాడేస్తుంటారు. ఏదో ఒకటే వాడతానని గట్టిగా అనుకోండి. నేనైతే స్క్రీన్ మీది బటన్ వాడమంటాను, ఎందుకంటే అది కళ్లెదురుగా ఉంటుంది. హెడ్‌సెట్ బటన్‌తోనే కాల్ ఎత్తడం, పెట్టేయడం కావాలంటే సాఫ్ట్‌ఫోన్ వాళ్లు వెబ్‌హెచ్‌ఐడీ అనే సౌకర్యాన్ని వాడుతూ ఉండాలి. 2021 నుంచి క్రోమ్, ఎడ్జ్‌లలో అది ఉంది, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో లేదు. జాబ్రా, పోలీ లాంటి ఆఫీసు హెడ్‌సెట్లకు ఇది బాగా కుదురుతుంది, సాదా హెడ్‌సెట్లకు ఆశ పెట్టుకోకండి.

హెడ్‌సెట్ పెట్టాకే సాఫ్ట్‌ఫోన్‌లో లాగిన్ అవ్వండి. షిఫ్ట్ మధ్యలో వైరు ఊడితే మళ్లీ పెట్టి, ఆడియో సెట్టింగ్స్‌లో పేరు సరిగా ఉందో లేదో చూడండి. కాల్‌లో ఉండగా పేజీ రిఫ్రెష్ కొట్టారో, చాలా సాఫ్ట్‌ఫోన్‌లలో కాల్ తెగిపోతుంది.

మైక్ ఎక్కడ ఉండాలి, ఎంత గట్టిగా ఉండాలి

మైక్ నోటికి ఎదురుగా కాదు, పెదవి మూలకి పక్కగా, రెండు వేళ్ల ఎడంలో ఉండాలి. ఎదురుగా ఉంటే ఊపిరి నేరుగా తగిలి 'ఫట్' మంటుంది. పరీక్షకు సౌండ్ రికార్డర్‌లో 'పప్పు, ఫలహారం, భోజనం, ఖర్చు, ఛార్జీ' అని మామూలు వేగంతో చదవండి. ఒత్తక్షరాల దగ్గర గాలి దెబ్బ వినిపిస్తే మైక్‌ని ఇంకాస్త గడ్డం వైపు దించండి. దానికున్న నల్ల స్పాంజి తొడుగు ఊడిపోతే పారేయకండి, అది ఉన్నదే ఇందుకు. చున్నీ, మెళ్లో ట్యాగు, గడ్డం మైక్‌కి రాసుకుంటే వచ్చే గరగర కూడా రికార్డింగ్‌లోనే బయటపడుతుంది.

ఇన్‌పుట్ వాల్యూమ్ నూటికి నూరు పెట్టకండి. గొంతు పగులుతుంది. 70, 80 మధ్య మొదలుపెట్టి రికార్డింగ్ విని సర్దుకోండి. పెట్టిన వాల్యూమ్ దానంతటదే కదిలిపోతోందని కొందరికి అనుమానం వస్తుంది. నిజమే, మాట సన్నగా ఉంటే పెంచడం, గట్టిగా ఉంటే తగ్గించడం అనే పని బ్రౌజర్ తనే చేస్తుంది. ప్రతిధ్వని, నేపథ్య శబ్దం తీసేయడం కూడా దాని పనే. అవన్నీ ఆన్‌లోనే ఉండనివ్వండి. అయితే బ్రౌజర్ ఒకసారి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ ఒకసారి, మీరు విడిగా వేసుకున్న నాయిస్ యాప్ ఇంకోసారి వడపోస్తే మాటల చివర్లు మింగేసి 'వెళ్తున్నాను' కాస్తా 'వెళ్తున్నా' అయిపోతుంది. బయటి వడపోతలు ఒక్కొక్కటే ఆపి చూడండి.

ప్రతిధ్వని వచ్చినప్పుడు ఎవరికి వినిపిస్తోందో అడగండి. తన మాట తనకే తిరిగి వినిపిస్తోందని కస్టమర్ అంటే తప్పు మీ వైపు: మీ స్పీకర్ శబ్దం మీ మైక్‌లోకి దూరుతోంది. ఇయర్‌పీస్ వాల్యూమ్ తగ్గించండి, ల్యాప్‌టాప్ స్పీకర్ మోగుతోందేమో చూడండి. మీ మాట మీకే తిరిగొస్తుంటే చాలావరకు తప్పు అవతలి వైపు, ఆయన స్పీకర్‌ఫోన్‌లో పెట్టి ఉంటారు. మీ సెట్టింగ్స్ కెలికి లాభం లేదు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకోమని అడగండి.

ఇది హెడ్‌సెట్ కాదు, నెట్ అని ఎలా తెలుస్తుంది?

మాట రోబో గొంతులా మారడం, మధ్యలో అక్షరాలు ఎగిరిపోవడం, ఒక్కసారిగా నాలుగు మాటలు గబగబా వచ్చిపడటం, ఇవి నెట్ లక్షణాలు. గరగర, గుంయ్యి, బావిలో గొంతు, గాలి దెబ్బ, ఇవి మైక్ లక్షణాలు. వేగం పెద్ద సమస్య కాదు. ఒక కాల్‌కి ఒక్కోవైపు 100 కిలోబిట్లు మిగిలితే చాలు. కావాల్సింది నిలకడ. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంఘం చెబుతుంది. అందుకే 100 ఎంబీపీఎస్ ప్లాను ఉన్నా, ఇంట్లో ఎవరో వీడియో అప్‌లోడ్ పెడితే మాట తెగుతుంది. ల్యాన్ కేబుల్ వేసుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే అరక్షణంలో రూటర్ రీస్టార్ట్ అయి కాల్ పోయే ఇళ్లకు, రూటర్‌కి పెట్టుకునే చిన్న మినీ యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టుకోండి.

కాల్ కలిసి, మైక్ గీత కదులుతూ, ఒకవైపే మాట వస్తుంటే వీపీఎన్ (నెట్‌ని ఆఫీసు దారిగుండా మళ్లించేది) లేదా ఫైర్‌వాల్‌ని (నెట్‌లో వచ్చేపోయేవాటిని ఆపే కాపలా) అనుమానించాలి. కాల్ కలపడానికి ఒక దారి, మాట నడవడానికి ఇంకో దారి. రెండోది సాధారణంగా యూడీపీ అనే డేటా పంపే పద్ధతి మీద నడుస్తుంది, ఆఫీసు ఫైర్‌వాల్ దాన్ని ఆపితే ఇలాగే ఉంటుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఒక కాల్ చేసి చూడండి. అక్కడ బాగుంటే సమస్య ఆ నెట్‌వర్క్‌దే.

ఐటీ వాళ్లకు టికెట్ (ఫిర్యాదు) వేసేముందు

క్రోమ్‌లో ఒక గుప్త పేజీ ఉంది. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, వెబ్‌ఆర్‌టీసీ, హైఫన్, ఇంటర్నల్స్ అని కొడితే తెరుచుకుంటుంది. కాల్‌కి ముందే దీన్ని ఇంకో ట్యాబ్‌లో తెరిచి పెట్టుకుని, తర్వాత కాల్ చేయండి. చూడ్డానికి భయపెట్టేంత చిట్టా వస్తుంది. మీకు కావాల్సినవి రెండే. మీడియా సోర్స్ కింద ఆడియో లెవెల్ అనే అంకె మీరు మాట్లాడుతున్నా సున్నా దగ్గరే ఉంటే బ్రౌజర్ దాకా మాట రావడం లేదు, కింది మెట్లకు వెళ్లండి. అది కదులుతుంటే మీ హెడ్‌సెట్, విండోస్, పర్మిషన్ అన్నీ బాగున్నాయి, సమస్య ఆ పైన. రెండోది ఇన్‌బౌండ్ కింద ప్యాకెట్స్ లాస్ట్. కాల్ నడుస్తున్నంతసేపూ అది ఎగబాకుతుంటే నెట్.

టికెట్‌లో 'వాయిస్ రావట్లేదు' అని ఒక్క ముక్క రాస్తే ఎవరికి ఎవరి మాట రావట్లేదో తెలుసుకోవడానికే ఒక రోజు పోతుంది. ఎవరికి వినపడలేదు, ఏ టైముకి, హెడ్‌సెట్ మోడల్, అది యూఎస్‌బీనా పిన్నా బ్లూటూతా, బ్రౌజర్ వెర్షన్, వీపీఎన్ ఉందా లేదా, సౌండ్ రికార్డర్‌లో గొంతు బాగా వచ్చిందా, హాట్‌స్పాట్ మీద ఏమైంది. ఇవన్నీ ఒక్కో లైను చొప్పున రాయండి. పైన చెప్పిన గుప్త పేజీలో 'క్రియేట్ డంప్' అని ఉంటుంది. కాల్ పెట్టేయకముందే అది నొక్కి, వచ్చిన ఫైలును టికెట్‌కి జతచేయండి. కాల్ అయిపోయాక వివరాలు ఎక్కువసేపు నిలవవు.